అడుగు వెనక అడుగు

“మీకు కొండజబ్బు పట్టింది. రేపు కనుమ దాటేది లేదు. ఇవాళే గుర్రమెక్కి కిందికి దిగిపోండి,” అన్నాడు మర్డో.

ఫ్రౌకె చేతిలో వెల్లుల్లి చారు గిన్నె అలాగే ఆగిపోయింది. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. చోలా కనుమ దాటాలని హాలండు నుంచి రావడం ఇది మూడోసారి. మొదటిసారి మంచుతుఫాను తిప్పి పంపింది, రెండోసారి మోకాలు. నాలుగోసారంటూ ఉండదని ఆవిడకి తెలుసు.

“నాకేమైందని? తలనొప్పి లేదు, వాంతి లేదు. ఇది మూడో గిన్నె చారు.”

“బాగానే ఉన్నానంటున్నారు కదూ? అదే మొదటి లక్షణం.”

“బాగా లేనంటే?”

“అది రెండోది. నాతో వాదించడం మూడోది.”

జోంగ్లా సత్రంలో పొయ్యి చుట్టూ కూర్చున్న మిగతా నలుగురు యాత్రికులూ తమ తమ గిన్నెల్లోకి తలలు దించేసుకున్నారు.

మర్డో స్కాట్లండు మనిషి. పదిహేడేళ్ళుగా ఈ కొండల్లో గైడు. ఆయన పరువంతా కింద ఫెరిచే ఊళ్ళో, సత్రం నడిపే ఆంగ్ డోమా వంటింటి తలుపు మీద ఉంది. ఎత్తులో గాలి చాలక వచ్చే ఈ కొండజబ్బు పట్టి గుర్రం మీద దిగిన ప్రతి గైడు పేరూ ఆ తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది. ఏటా లోసార్ పండక్కి తలుపు కడిగినా, ఆవిడ ఆ పేర్లు మాత్రం మళ్ళీ రాస్తుంది. ఫ్రెంచి గైడు పేరుంది. న్యూజీలాండు గైడు పేరు రెండుసార్లుంది. మర్డో పేరు లేదు. ఎప్పుడు దిగినా ఆ తలుపుకి ఎదురుగా కూర్చుని, పేర్లు పైకి చదివి మరీ టీ తాగుతాడు.

“ఆవిడ ఒక్కరే కాదు, అందరినీ చూస్తాను. బయటికి పదండి,” అని లేచాడు. బూటు తాడు ముడి పడలేదు. నాలుగుసార్లు ప్రయత్నించి, విసుగు పుట్టి, కొసలు బూట్లోకే దోపేశాడు. పాడు చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి అనుకున్నాడు.

బయట పొగమంచు కమ్మేసింది. రెండు బారల అవతల ఏముందో తెలియడం లేదు. రాత్రి పడ్డ మంచు నేలంతా మెత్తగా పరుచుకుని ఉంది. మర్డో చేతికర్ర నేలకి ఆనించి, సత్రం గుమ్మం నుంచి అటు జడలబర్రెల దొడ్డిగోడ దాకా గీత గీసుకుంటూ వెళ్ళాడు.

“ఒక్కొక్కరే రండి,” అని గోడ దగ్గర నుంచి కేకేశాడు. “అడుగు వెనక అడుగు, మడమకి బొటనవేలు తగలాలి. కిందికి చూడొద్దు. నా గొంతు వినబడే వైపు నడవండి. కొండజబ్బు పట్టినవాళ్ళకి అడుగు తిన్నగా పడదు.”

ముందు ఫ్రౌకె వచ్చింది. ఆవిడ వెనకే ఒకరి తరవాత ఒకరు మిగతా నలుగురూ వచ్చారు. అప్పుడు మర్డో నడుం వంచి, మంచులో ముక్కు పెట్టినంత పని చేసి, ఒక్కొక్కరి అడుగులూ పరీక్షించాడు.

“ఇక్కడ గీత మీదే ఉన్నారు. ఇక్కడ మూరెడు కుడికి పోయారు. ఇదిగో, ఇక్కడ బారెడు ఎడమకి. రామరామ, ఐదుగురూ ఇంతే.”

పదిహేడేళ్ళు ఈ దేశంలో ఉండి, స్కాట్లండు దేవుణ్ణి ఎప్పుడో మరిచిపోయాడు.

“నాకేమో ఆ గీతే...” అనబోయింది ఫ్రౌకె.

“వాదన. మూడో లక్షణం.”

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఒక్కరోజు ఆగి చూద్దాం మర్డో. నాకు మళ్ళీ రావడం కుదరదు.”

మర్డోకి నిజంగానే జాలేసింది. “నాకు మాత్రం సంతోషమా? కనుమ ఎక్కడికీ పోదు. మనిషి పోతే తీసుకురాలేను. నన్ను తిట్టుకుంటూనైనా సరే, ప్రాణాలతో ఇంటికెళ్ళండి.”

వంటమనిషి ఫుర్బా ఇందాకటి నుంచీ గుమ్మంలో గరిటెతో నిలబడి ఇదంతా వింటున్నాడు. మర్డోతో ఎన్నో ఏళ్ళుగా కలిసి తిరిగినవాడు, ఆయన్ని దాయీ అని, అంటే అన్నా అని పిలుస్తాడు.

“ఫుర్బా, ఐదు గుర్రాలు మాట్లాడు.”

“ఐదా దాయీ?”

“ఐదే. నేను వీళ్ళ పక్కన నడుస్తాను.”

ఫుర్బా ఒకసారి మర్డో మొహం వైపు, ఒకసారి ఆయన బూటు వైపు చూసి, గుర్రాల కోసం వెళ్ళాడు.

యాత్రికులు లోపల ఏడుపు మొహాలతో మూటలు సర్దుకున్నారు. గంట గడిచేసరికి పొగమంచు విడిపోయి, పెళపెళలాడే ఎండ కాసింది. ఫుర్బా ఒక గుర్రాన్ని పట్టుకుని వచ్చాడు.

“ఐదు తెమ్మంటే ఒకటి తెచ్చావేం?”

“ఒకటి చాలు దాయీ. మిగతావాళ్ళని రేపు నేను కనుమ దాటిస్తాను.”

మర్డో కాసేపు ఆలోచించాడు. ఫుర్బా మాట కొట్టిపారేసేది కాదు. “సరే, నీ ఇష్టం. ఫ్రౌకెని జాగ్రత్తగా ఎక్కించు. పాపం, పెద్దావిడ.”

“ఫెరిచేకి ఫోను కూడా చేశాను. సుద్దముక్క తీసి ఉంచమని ఆంగ్ డోమా దీదీకి చెప్పాను.”

“సుద్దముక్క ఎందుకోయ్? ఆ తలుపు మీద రాసేది గైడ్ల పేర్లు కదా, యాత్రికులవి కాదుగా.”

ఫుర్బా ఆయన భుజం మీద చెయ్యి వేసి, మెల్లిగా దొడ్డి వైపు తిప్పి, ఎండలో తళతళలాడుతున్న మంచు మీదికి గరిటెతో చూపించాడు.

“ఐదుగురి అడుగులూ గుమ్మం నుంచి గోడ దాకా నూలు పట్టినట్టు తిన్నగా ఉన్నాయి దాయీ. మెలికలు తిరిగింది మీరు గీసిన గీతే.”