గళ్ల మీద గళ్లు

"కిల్ట్ మీదకి టై కావాలయ్యా," అంది ఎఫీ, లోపలికి వస్తూనే.

డూగల్ మెక్‌ఫీ చేతిలోని కొలత టేపు పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. ఎఫీ షాపులో అడుగుపెడితే చాలు, ఈ వయసులో కూడా అతనికి చొక్కా కాలరు బిగుసుకుపోతుంది.

ఓబన్ రేవు వీధిలో మగవాళ్ల బట్టల షాపు అతనిది. అక్కడ అమ్మిన ప్యాంట్లకు అంచులు కుట్టేదీ, నడుములు వదులు చేసేదీ ఎఫీ. కిల్ట్, అంటే అక్కడి మగవాళ్లు వేడుకలకి నడుముకి చుట్టుకునే గళ్ల కుచ్చిళ్ల బట్ట, కుట్టడంలో ఆమెకి ఎదురు లేదు. టై ఎంచడంలో అతనికి ఎదురు లేదు. ఈడూ జోడూ బాగుంటుందని ఊరంతా అనుకుంటుంది. అడగాల్సిన మనిషి మాత్రం ఆమె కనబడ్డప్పుడల్లా వాన గురించే మాట్లాడతాడు.

"ఎవరికి?" అన్నాడు డూగల్.

"ఒక మనిషికి. శనివారం హాల్లో డాన్స్ ఉందిగా, నాతో వచ్చేది ఆయనే. కిల్ట్ నేనే కుట్టాను."

డూగల్ గుండెల్లో రాయి పడింది.

"మన ఊరివాడేనా?"

"చెప్పినా నువ్వు పోల్చుకోలేవులే."

"ఎలాంటివాడు?"

"మంచివాడే. కాకపోతే నోట్లో నాలుక లేదు."

"పిరికివాడన్నమాట."

"పచ్చి పిరికి."

"అలాంటి వాజమ్మతో ఎలా వేగుతావు ఎఫీ? కాస్త బుర్రయినా ఉందా?"

"నాకూ అదే అనుమానంగా ఉంది," అంది ఎఫీ. "నువ్వు రావా డాన్స్‌కి?"

"నా కిల్ట్ చిమ్మెటలు కొట్టేశాయిగా. ప్యాంటుతో వస్తే నలుగురూ నవ్వరూ?"

"అదీ నిజమే," అంది. ఆ మొహంలో జాలి మాత్రం కనబడలేదు.

కిల్ట్ గుడ్డ ముక్క ఒకటి బల్ల మీద పరిచింది. ముదురాకుపచ్చ, మధ్యలో నీలం గళ్లు, వాటిని కోస్తూ వెంట్రుకంత సన్నటి ఊదా గీత. కొండ మీద హెదర్ పూల రంగు. టై రంగు ఎప్పుడూ సన్న గీతలోంచే తీయాలన్నది డూగల్ సిద్ధాంతం. లావు గీతని పట్టుకునేవాళ్లంటే అతనికి చులకన. చెయ్యి దానంతటదే పై అరలోని ఊదా రంగు ఉన్ని టై మీదకి పోయింది.

సగం దారిలో ఆగింది. ఆ టై కడితే ఆ వాజమ్మ దొరబాబులా ఉంటాడు. ఎఫీ పక్కన దొరబాబు!

చెయ్యి కిందికి దిగి అడుగు సొరుగు లాగింది. టూరిస్టుల కోసమని ఎవరో అంటగట్టిన టై ఒకటి అందులో పడి ఉంది. ఎర్రటి గళ్లు. ఆ గళ్ల మీద, అక్కడి కథల్లో చెప్పుకునే పచ్చటి సరస్సు రాక్షసి బ్యాగ్‌పైపు ఊదుతూ ఉంటుంది. టూరిస్టులు కూడా దాన్ని ఫొటో తీసుకుని, నవ్వుకుని, అక్కడే పెట్టి పోతారు.

"ఇదీ టై అంటే," అన్నాడు.

ఎఫీ కళ్లు పెద్దవయ్యాయి. "కిల్టూ గళ్లే, టైయ్యూ గళ్లేనా! గళ్ల మీద గళ్లు కడితే మా తాత గడప తొక్కనిచ్చేవాడు కాదు."

"తాతల కాలం పోయింది. గ్లాస్గోలో కుర్రకారంతా ఇప్పుడు ఇదే."

"మరి ఈ రాక్షసి?"

"అసలు అందమంతా దాందే."

టైల విషయంలో అబద్ధమాడటం డూగల్‌కి అదే మొదలు. చెవులు ఎర్రబడ్డాయి.

"నిజం చెప్పు. నీకిస్తే నువ్వు కట్టుకుంటావా?"

"కళ్లకద్దుకుని కట్టుకుంటాను."

"నలుగురిలో?"

"ఊరందరి ముందూ. నా షాపు మీద ఒట్టు."

ఎఫీ అతన్ని తేరిపార చూసింది. టై సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. గుమ్మం దాటాక ఎందుకో ఆమె భుజాలు కదిలిపోయాయి.

ఆ పూట డూగల్‌కి హాయిగా ఉంది. రేవు దగ్గర వేయించిన చేపలు కడుపారా తిన్నాడు. మర్నాటికి ఆ సంబరం కాస్తా చేదెక్కింది. హాలంతా ఆ మనిషిని చూసి నవ్వుతుంది, సరే. ఆ పక్కన నిలబడేది ఎవరు? ఎఫీ. ఆ సంగతి తనకి ముందెందుకు తట్టలేదు? పైగా ఈ టై ఏ షాపులో కొన్నాడని ఊరు అడగదా?

శనివారం సాయంత్రం ఊదా టైని కాగితంలో చుట్టి, కోటు తొడుక్కున్నాడు. ఎదురుగా హాల్లో ఫిడేళ్లు శ్రుతి చేసుకుంటున్నాయి. అతను తలుపు తీయబోయేలోగా తలుపే తెరుచుకుంది. ఆకుపచ్చ గౌనులో ఎఫీ, చంకలో వెడల్పాటి పొట్లం, చేతిలో సంచి.

"ఎఫీ, ఆ టై వద్దు," అన్నాడు ఒక్క గుక్కలో. "నా బుద్ధి గడ్డి తింది. ఓర్వలేక ఇచ్చాను. ఆయనెవరో గానీ అదృష్టవంతుడు. ఇదిగో, ఇది కట్టుకోమను. ఎందుకంటే నువ్వంటే నాకు..."

మాట అలవాటుగా వాన వైపు జారబోయింది. ఈసారి దాన్ని పట్టి వెనక్కి లాగాడు.

"నువ్వంటే నాకు ఇష్టం. ఎప్పటినుంచో."

ఎఫీ కళ్లు మెరిశాయి.

"టై మార్చడం ఇక కుదరదు డూగల్," అంది. "అదే కట్టుకుంటానని ఆయన ఒట్టేసేశాడు."

డూగల్ తల దించుకున్నాడు.

ఎఫీ పొట్లం విప్పి, ముదురాకుపచ్చ కిల్ట్‌ని డూగల్ ప్యాంటు మీదే నడుముకి చుట్టి, పట్టీలు బిగించి, "అంగుళం తేడా లేదు, ఇక మెడ వంచు," అంటూ సంచిలోంచి రాక్షసి టై తీసింది.