జేబులో తాళంచెవి

"ఏవండీ, దిగండి! అది మోగుతోంది!"

స్తంభం మీదున్న లైన్‌మన్ కిందికి చూశాడు. చేతిలో క్యారియర్‌తో పెళ్ళాం. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏది మోగుతోందే?"

"ట్రాన్స్‌ఫార్మరు. గుయ్‌మంటోంది. వినబడట్లేదా మీకు?"

ఆమెకు బొత్తాలు, దారాలు అమ్మే కొట్టుంది. అందుకే కరెంటు సంగతి ఆయన కొట్టు లెక్కలోనే చెప్పాడొకసారి. లోపల ఇనప దిమ్మ, దానికి రెండు రాగితీగ చుట్టలు. ఒకదానికొకటి తగలవు. ఒక చుట్టలో కరెంటు పారితే దిమ్మ అయస్కాంతమవుతుంది, ఆ ఊపుకి రెండో చుట్టలోనూ కరెంటు పుడుతుంది. అటు నుంచి పదకొండు వేల వోల్టులు హోల్‌సేలుగా వస్తే, ఇటు ఇళ్ళకు చిల్లరగా వెళ్తుంది. ఈ వ్యాపారంలో ఒకటే చిక్కు. చిల్లర వైపు నుంచి ఎవరైనా కరెంటు ఎక్కిస్తే అది అటు హోల్‌సేలై లేస్తుంది. ఎటు నుంచి పారినా దిమ్మ గుయ్‌మంటుంది. చప్పుడు లేకపోతేనే కొట్టు కట్టేసినట్టు.

పోయిన నెల ఆయనతో పనిచేసేవాడు అలాగే పోయాడు. స్విచ్ ఆపే ఉంది. ఎవరి ఇంట్లోదో జనరేటరు వెనక్కి తన్నింది. ఆ శవాన్ని చూసొచ్చినప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

"స్విచ్ ఆపారా?"

"ఆపి తాళం కూడా వేశా. చెవి నా జేబులో ఉంది."

"గొలుసు?"

తీగల్ని నేలకు కలిపే గొలుసు. అది వేస్తే, కరెంటు ఏ వైపు నుంచి వచ్చినా మనిషిని వదిలి మట్టిలోకి పోతుంది.

"బండిలో ఉంది. చిటికెలో అయ్యే పనికి గొలుసెందుకే?"

పక్కనే ఐస్ ఫ్యాక్టరీ గోడ వెనక జనరేటరు దడదడలాడుతోంది. ఈ ట్రాన్స్‌ఫార్మరు ఆ ఒక్క ఫ్యాక్టరీదే.

"మరి ఆ జనరేటరు?"

"ఫ్యాక్టరీ మెయిన్ స్విచ్ దించాకే నడుపుతానన్నాడు యజమాని."

"మరి ఈ చప్పుడేంటండీ?"

ఆయన పగలబడి నవ్వాడు. "తేనెటీగలే పిచ్చిదానా! ట్రాన్స్‌ఫార్మరు వెనక, మనకి కనబడకుండా గోడ వైపు చాటంత పట్టు పెట్టాయి. ఎప్పుడొచ్చినా నాకు ఇదే కచేరీ. నీకేమో ఏది వినబడ్డా నా చావు కబురే!"

ఆమె భయాన్ని తూకం వేసుకుంది. ఒక పక్క ఆ చప్పుడు. రెండో పక్క తాళంచెవి, ఫ్యాక్టరీవాడి మాట, ఈగలు. ముల్లు ధైర్యం వైపే మొగ్గింది.

"సరే, త్వరగా కానివ్వండి. అన్నం చల్లారిపోతోంది."

ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంది. యజమాని ఒక సీసా పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"మీ ఇంటికి పంపిద్దామనుకుంటున్నా చెల్లెమ్మా, నువ్వే వచ్చావు. మంచిదయింది."

సీసా ఆమె చేతిలో పెట్టాడు. బరువుగా, అంచుల్లో జిగటగా ఉంది.

పైన ఆయన తీగ వైపు చెయ్యి చాచాడు.

"పాపం, పైకెక్కినప్పుడు మీ ఆయన్ని కుడతాయేమోనని, పొద్దున్నే ఆ పట్టంతా తీయించేశాను."