ఒక్కరోజు బెల్టు

పెళ్లికూతురైన తన కూతుర్ని పాత ఫియట్ కారులో కూర్చోబెట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టరు చెన్నకేశవులు ఆమె పక్కన సీటంతా తడిమాడు.

"ఏం బాషా, సీటు బెల్టు ఏది?"

"పోయిన నెల మీరే పీకించినారు కద సార్!" అన్నాడు కారు ఓనరు మొహిద్దీన్ బాషా. "మనవరాలు ఇరమ్‌ను బడికి దింపేదానికని బిగించుకుంటి. అరవై రెండు నాటి బండిలో మార్పులు చేస్తే కాయితాలు రద్దంటిరి."

"అది రూలు బాషా. ఇది నా కూతురు. కంభం దాకా అన్నీ లారీలే."

"బెల్టులు డిక్కీలోనే ఉండాయి. మరి నా కాయితాలు?"

చెన్నకేశవులు అటూ ఇటూ చూశాడు. పట్టుపంచె ఎగగట్టి, పానా తానే అందుకున్నాడు.

"రేపు పొద్దున్నే పీకేయాల, మర్చిపోవాకు," అన్నాడు బోల్టు బిగిస్తూ.

"మర్చిపోను సార్. రేపు ఎక్కేది నా మనవరాలే గదా."