అమ్మగారి వెనకాల

జేబెజ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. లోపల తాళ్ల మీద తెల్లటి దుప్పట్లు గాలికి కొట్టుకుంటున్నాయి.

వెంట వచ్చిన కానిస్టేబులు దారి పొడుగునా ఒకటే నవ్వు. ఎందుకని అడిగితే, "నువ్వు పని చెయ్యబోయే ఇంటి అమ్మగారు గట్టి మనిషిలే. ముఖం చూశాక నీకే తెలుస్తుంది" అన్నాడు.

తలుపు తెరుచుకుంది.

మోచేతుల దాకా సబ్బు నురగతో డోర్కస్ బయటికొచ్చింది. అతని పెళ్లాం.

గొర్రెలు దొంగిలించాడని ఇంగ్లండులో జేబెజ్‌కు ద్వీపాంతర శిక్ష వేశారు. ఓడెక్కించి, భూమికి అవతలి అంచున ఉన్న ఈ హోబర్ట్ రేవులో దింపారు. మూడేళ్లుగా కాళ్లకు సంకెళ్లతో రోడ్లకు రాళ్లు కొడుతున్నాడు.

ఖైదీలను ఇళ్లకు పనికి పంపడం ఇక్కడ మామూలే. కానీ డోర్కస్ సముద్రం దాటి వచ్చి, ఊరి బట్టలుతికి నిలదొక్కుకుని, పనివాడు కావాలని దొరలను అడిగి, కట్టుకున్నవాణ్ణే పనికి తెచ్చుకుంటుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"ఏమే..." అనబోయాడు.

"పిల్‌బీమ్, ఆ తొట్లు లోపల పెట్టు" అంది డోర్కస్.

పిల్‌బీమ్ అతని ఇంటిపేరు. ఖైదీలను యజమానులు అలాగే పిలుస్తారు. అది తన ఇంటిపేరు కూడానని ఆమెకు గుర్తుందో లేదో అతనికి అంతుపట్టలేదు.

కానిస్టేబులు వెళ్లాక పద్ధతులన్నీ చెప్పింది. అతను ఎదురు తిరిగితే తను ఒక్క మాట చెబితే చాలు, మళ్లీ సంకెళ్లే. మొగుడని ముద్దు చేస్తోందని ఇరుగుపొరుగు చెప్పినా అంతే, మళ్లీ సంకెళ్లే.

జేబెజ్‌కు బుర్ర తిరిగిపోయింది. ఇది హెచ్చరికా, బెదిరింపా?

వంటింటి పక్క కొట్టుగదిలో పడక చూపించింది. రొట్టె, మాంసం పనివాళ్లకిచ్చినట్టే కొలిచి ఇచ్చింది. టీలో మాత్రం చక్కెర అతనికి ఇష్టమైనంత వేసింది.

అది ప్రేమో, పాత అలవాటో అడిగే ధైర్యం లేదు. ఇంగ్లండులో తమ ఊళ్లో ఉన్నప్పుడు తాగి వచ్చి ఆమె మీద చెయ్యి చేసుకునేవాడు. అదీ ఆమె మరిచిపోయి ఉండదు. పగ తీర్చుకోవడానికే తెప్పించుకుందేమో. అందుకోసం ఇంత సముద్రం దాటుతారా ఎవరైనా?

ఒకరోజు, ఉతకడానికి వచ్చిన ఒక కెప్టెన్‌గారి చొక్కాలు పొరపాటున బురదలో పడేశాడు. ఆమె ఏమీ అనకుండా తీసి మళ్లీ ఉతికింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఆదివారం చర్చికి బయల్దేరారు. ఆమె ముందు నడిచింది. గొడుగు, ప్రార్థన పుస్తకం మోసుకుంటూ అతను వెనక నడిచాడు.

తమ ఊళ్లో ఇది తారుమారుగా ఉండేది. అతను ఆగితే, వెనకాల ఆమె ఠక్కున ఆగిపోయేది. ఏమంటాడోనని తల కూడా ఎత్తేది కాదు.

తిరిగి వచ్చేటప్పుడు కొండవాలు దారిలో ఎవరూ లేరు.

డోర్కస్ నడక నెమ్మదించింది. అతనూ నెమ్మదించాడు.

ఆమె ఆగింది. అతనూ ఆగాడు.

"ఎందుకాగావు?" వెనక్కి తిరగకుండానే అడిగింది.

"మీరాగారని, అమ్మగారూ."



"పక్కకొస్తావేమోనని ఆగాను" అంది ఆమె.

జేబెజ్ దారికి అటూ ఇటూ చూశాడు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అది ఆజ్ఞో, పిలుపో తేల్చుకోలేక అక్కడే నిలబడిపోయాడు.

డోర్కస్ మళ్లీ నడిచింది, ఒక పక్కకు జరిగి, సగం దారి అతనికి వదిలేసి.