పదకొండో గడి

"పదకొండో గడి తప్పు రాశారు బాబూ!"

భుజం మీదుగా ఎవరో తొంగిచూసి అన్నారు. సబ్బుల ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ గబుక్కున తన దరఖాస్తు బోర్లించాడు.

అది నిరుద్యోగ భృతి ఆఫీసు. గోడవారగా పొడుగాటి బల్ల, దానికి దారంతో కట్టేసిన పెన్ను. ఆ పెన్ను రాయదు. రాయని పెన్నును ఎవడెత్తుకుపోతాడని కట్టారో మరి!

వెనక నిలబడ్డ పెద్దాయనకు అరవై దగ్గర పడ్డట్టున్నాయి. జేబులో మూడు పెన్నులు, చేతిలో గుండుసూదుల డబ్బా.

"ఉద్యోగం పోవడానికి కారణం అన్నచోట 'నేనే మానేశాను' అని రాశారు. నిజంగా మానేశారా?"

"మానేశానండీ. నాకు నేనే మానేశాను. నన్ను తీసేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఏం?"

అడిగింది గోరంత, చెప్పింది కొండంత. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"తీసేస్తే తీసేశారనే రాయాలి బాబూ. మానేసినవాళ్ళకి ఇక్కడ చిల్లిగవ్వ రాదు."

సూపర్‌వైజర్ మొహం కందగడ్డయింది. ఆ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు ప్యాకింగ్ చూసినవాడు. మూణ్ణెల్ల కిందట తీసేశారని కట్టుకున్న భార్యకే చెప్పలేదు. "రాజీనామా వాళ్ళ మొహాన కొట్టి వచ్చా" అన్నాడు. ఆవిడ మురిసిపోయి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. అంత దూరం వెళ్ళిపోయిన అబద్ధాన్ని వెనక్కి పిలవడం ఎవడి తరం?

పోనీ భృతి వద్దనుకుందామా అంటే బావమరిది పరుపుల కొట్టు కాచుక్కూచుంది. "మా బావ పెద్ద సూపర్‌వైజరండీ! బావా, ఆ పరుపిలా మోసుకురా" అని వచ్చినవాళ్ళ ముందు అనే రకం వాడు. దరఖాస్తుకు ఇవాళే ఆఖరు రోజు.

"ఇంతకీ మీ రేటెంత?" అన్నాడు గొంతు తగ్గించి.

"రేటేమిటి?"

"నాకు తెలీదనుకోకండి. మీలాంటి దళారుల్ని చాలామందిని చూశాను."

పెద్దాయన నవ్వేసి పక్కకు జరిగాడు. "తల్లీ, నీ ఫొటో తలకిందులుగా అంటించావు" అంటూ ఇంకొకావిడ కాగితం అందుకున్నాడు.

సూపర్‌వైజర్‌కు ఒళ్ళు మండింది. తిన్నగా లోపలి గదిలోకి వెళ్ళాడు. ఆఫీసరు వచ్చి రెండు రోజులే అయింది. కొత్త చీపురు బాగా ఊడుస్తుంది కదా, దళారీ అన్న మాట విన్న వెంటనే లేచి హాల్లోకి వచ్చాడు.

"ఏమండీ, మీకిక్కడ పనేమైనా ఉందా?"

పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించాడు.

"లేదండీ."

"అయితే బయటికి నడవండి. మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే బాగుండదు."

పెద్దాయన సూదుల డబ్బా బల్లమీద పెట్టాడు. పోతూ పోతూ సూపర్‌వైజర్ దగ్గర ఆగాడు. "పదకొండో గడి మాత్రం మార్చండి బాబూ."

"చావనైనా చస్తాను గానీ మార్చను," అనుకున్నాడు సూపర్‌వైజర్.

అతని వంతు వచ్చింది. అద్దం వెనక అమ్మాయి కాగితం చూసింది.

"మీరే మానేశారా? అయితే రాదండీ. తర్వాత ఎవరు?"

సూపర్‌వైజర్ అద్దానికి దగ్గరగా వంగాడు. కళ్ళముందు డబుల్ కాట్ పరుపొకటి నిలబడింది.

"తీ... తీసేశారమ్మా."

"గట్టిగా చెప్పండి. అద్దం కదా, వినబడదు."

"తీసేశారు! మెడపట్టి గెంటేశారు! చాలా?"

హాలంతా ఇటు తిరిగింది.

"మమ్మల్నీ అంతేనయ్యా, నువ్వొక్కడివే అనుకుంటున్నావా?" అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు. చిత్రంగా సూపర్‌వైజర్‌కూ నవ్వొచ్చింది. మూణ్ణెల్ల తర్వాత గుండె తేలికపడింది.

అమ్మాయి ఆ గడి కొట్టేయించి, పక్కన సంతకం పెట్టించి, ముద్ర వేసింది.

"ఆ దళారీ చెప్పినప్పుడే వినాల్సింది," అన్నాడు హుషారుగా.

"దళారీ ఎవరు?"

"సూదుల డబ్బా ఆయన. ఆఫీసరుకు చెప్పి ఇందాకే బయటికి పంపించాగా!"

అమ్మాయి మొహం పాలిపోయింది. లేచి గుమ్మం వైపు చూసింది. అక్కడెవరూ లేరు.

"ఎంత పని చేశారండీ! పోయిన నెల దాకా, ఇరవై రెండేళ్ళు ఈ కౌంటర్లో కూర్చున్నది ఆయనే. ఇంట్లో ఉండలేక రోజూ పదింటికి వచ్చేస్తున్నారు."

సూపర్‌వైజర్‌కు తల కొట్టేసినట్టయింది.

"అయ్యో, నోరు జారానే! ఆయన్నీ తీసేశారా? పోన్లే, మాలాగే ఆయనకూ భృతి వస్తుందిగా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"మా ఇద్దరిలో ఒకర్ని తీసెయ్యమని పైనుంచి ఉత్తర్వొస్తే పాత ఆఫీసరు నా పేరు రాశారండీ, నేను చేరి ఏడాదైనా కాలేదుగా. 'ఆ పిల్లను ఉంచండి, నేనే మానేస్తున్నా' అని ఈయన కాగితం రాసిచ్చేశారు, మానేసినవాళ్ళకి చిల్లిగవ్వ రాదని ఈ ఆఫీసులో అందరికన్నా బాగా తెలిసిన మనిషి."