అసలైన అరుపు

“చదువు తమ్ముడూ, మొహమాటపడకు. తిట్లన్నీ వినేశాకే టీ తాగుతాను,” అంది డబ్బింగ్ అక్క, పాత స్క్రిప్టు కాగితాన్ని మడతల మీద మడతలు పెడుతూ.

సౌండ్ ఇంజనీరు ఫోను చూస్తూ గొంతు సవరించుకున్నాడు. ‘నేలమాళిగ’ అనే దెయ్యాల సిరీస్ కొత్త సీజన్‌లో ఆఖరి ఎపిసోడ్ తప్ప మిగతావన్నీ విడుదలై వారమైనా కాలేదు, జనం అప్పుడే దుమ్మెత్తిపోస్తున్నారు.

“ఒక విమర్శకుడేమో, ‘దెయ్యం బాగానే ఉంది, హీరోయిన్ అరుపే బాలేదు. నేలమాళిగలో చిక్కుకున్న మనిషిలా లేదు, బొద్దింకను చూసి అరిచినట్టుంది’ అన్నాడు.”

“మరి అభిమానులో?”

“వాళ్లకంటే ఇతనే నయమక్కా. నీ అరుపు తీసి, ఆవులిస్తున్న పిల్లికి అతికించి వీడియో చేశారు. ఊరంతా అదే చూస్తోంది.”

తెర మీద నోరు తెరిచేది హీరోయిన్. అందులోంచి వచ్చే గొంతు మాత్రం అక్కది. పొగడ్తలు ఆవిడకీ, తిట్లు ఈవిడకీ ఏనాడో పంచిపెట్టేశారు.

“ఎపిసోడ్లన్నిటి అరుపులూ ఒక్క పూటలో అరిపిస్తే గొంతులో ఏం మిగుల్తుంది నాయనా?” అంది అక్క. నవ్వుతూనే అంది గానీ, టీ మాత్రం తాగలేదు. డబ్బింగ్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, ఆ మడత కాగితాన్ని తలుపు సందులో కుక్కింది. ఆవిడకది అలవాటు. చప్పుడు లోపలికి రాకుండా కాబోలనుకుని ఇంజనీరు ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు నిర్మాత ఊడిపడ్డాడు.

“ఆఖరి ఎపిసోడ్ ఒక్కటే మిగిలింది. అందులో కూడా పిల్లి ఆవులిస్తే మన దుకాణం మూసుకోవడమే. ఆవిణ్ణి మార్చేద్దాం.”

“సార్, ఆ ఇల్లంతా అక్క గొంతు మీదే నడుస్తోంది. భర్త మంచంలో ఉన్నాడు.”

“అయితే నువ్వే కాపాడు. తలుపుకి బయట పాత గడియ ఉందిగా? ఆవిడ లోపలుండగా అది వేసెయ్. లైట్లు తీసెయ్. మైకు మాత్రం ఆపకు. నిజంగా భయపడితే నిజమైన అరుపే వస్తుంది.”

“తప్పు సార్. మనిషి హడలిపోతుంది.”

“నీ ఇష్టం. రేపట్నుంచి కొత్త గొంతు వస్తుంది. కొత్త ఇంజనీరు కూడా.”

చేస్తే పాపం, చేయకపోతే రెండిళ్లలో పొయ్యి వెలగదు.

సాయంత్రం అక్క ఎప్పట్లాగే లోపలికి వెళ్లి, సందులో కాగితం కుక్కి, మైకు ముందు నిలబడింది. అతను పిల్లిలా వెళ్లి తుప్పు పట్టిన గడియను బలంగా నెట్టాడు. టక్‌మంది. లైట్లు తీసేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. పక్కనే నిర్మాత.

“తమ్ముడూ, కరెంటు పోయిందా?”

ఇంజనీరు రికార్డింగ్ మీట నొక్కాడు.

“తమ్ముడూ! తలుపు రావట్లేదురా! ఎవరైనా ఉన్నారా?”

దబదబా తలుపు బాదిన చప్పుడు. ఆ తర్వాత వచ్చింది అరుపు. మొదట గొంతులోంచి, తర్వాత కడుపులోంచి, చివరికి మనిషిదో జంతువుదో తెలియనట్టు. ఇంజనీరు లేవబోతే నిర్మాత భుజం నొక్కిపట్టి, “ఇంకాస్త,” అన్నాడు. అతను ఆ చెయ్యి విదిలించుకుని పరిగెత్తాడు. గడియ లాగి తలుపు తోయగానే మడత కాగితం కాళ్ల దగ్గర పడింది. అక్క జుట్టు ముడి ఊడిపోయి, చెమటలో తడిసి నేల మీద కూలబడి ఉంది.

“మంచినీళ్లు,” అంది. అంతకు మించి ఏమీ అడక్కుండా ఇంటికి వెళ్లిపోయింది.

ఆఖరి ఎపిసోడ్ విడుదలైంది. ‘ఇది నటన కానే కాదు, ఎవరో నిజంగా చిక్కుకుని అరిచారు’ అని రాశాడు బొద్దింక విమర్శకుడు. ఇంట్లో తలుపులన్నీ తీసిపెట్టుకుని చూశామన్నారు అభిమానులు. పిల్లి వీడియో చేసినవాడు చెంపలేసుకున్నాడు. వచ్చే సీజన్‌కి కూడా అక్కే కావాలన్నాడు నిర్మాత.

ఒక్కో పొగడ్తా ఇంజనీరుకి చెంపదెబ్బలా తగిలింది. లిఫ్టు ఎక్కడం మానేశాడు. స్నానాల గది తలుపు కూడా గడియ వేసుకోలేకపోతున్నాడు. కళ్లు మూస్తే చీకటి, చీకట్లో ఆ అరుపు. అక్క ఎదురుపడి “తిన్నావా?” అని అడిగిన ప్రతిసారీ భూమిలోకి కుంగిపోయేవాడు.

కొత్త సీజన్ పని మొదలైన రోజు ఇక ఉండబట్టలేకపోయాడు.

“అక్కా, ఆ రోజు కరెంటు పోలేదు. గడియ వేసింది నేనే.” ఏడ్చేశాడు.

అక్క అతన్ని ఎగాదిగా చూసింది. “దీనికేనా ఇన్నాళ్లూ చిక్కి సగమయ్యావు?”

“నన్నేమైనా చెయ్యక్కా, పడతాను.”

“అయితే లోపలికి నడు.”

అతను తల వంచుకుని డబ్బింగ్ గదిలోకి వెళ్లాడు. వెనకే తలుపు మూసుకుంది. టక్‌మంది గడియ. లైట్లు ఆరిపోయాయి. మెత్తటి గోడలు అతని ఊపిరి చప్పుడును కూడా మింగేశాయి.

“అక్కా! తప్పయిపోయింది! గడియ తియ్యక్కా!” తలుపు మీద రెండు చేతులా బాదాడు.

స్పీకర్లోంచి అక్క గొంతు తాపీగా వినిపించింది. “అరిచావు గానీ, బొద్దింకను చూసినట్టుంది. తలుపు లాగి చూడు.”

“గడియ వేశావుగా!”

“వేశాను. ఆ రోజు నువ్వు వేసినట్టే వేశాను. లాగు.”

తలుపు దానంతటది తెరుచుకోకుండా అక్క కుక్కే కాగితం ఈసారి సందులో లేదు. సన్నటి వెలుతురు గీత ఉంది. ఇంజనీరు పిడి పట్టుకుని లాగాడు.

తలుపు తెరుచుకుంది. గడియ కొన చట్రంలోని కన్నం దాకా రానేలేదు; ఆ రోజూ రాలేదు.