పసుపునీళ్ల మహిమ

ఏక్‌బాల్‌పూర్ స్కూల్లో సైన్సు పాఠాలు చెప్పే దిదిమణి పిల్లలకు తేలికైన మ్యాజిక్‌లు నేర్పి, ఇంటికెళ్లి పెద్దల మూఢనమ్మకాలు పోగొట్టమంది. ఏడో తరగతి రమాకుమారి ఆ సాయంత్రమే పని మొదలుపెట్టింది.

అందరి ముందూ గ్లాసుడు పసుపునీళ్లలో చెంచాడు సున్నపుతేట పోసింది. నీళ్లు రక్తంలా ఎర్రబడ్డాయి.

నాన్నమ్మ కాసులమ్మ గభాలున మనవరాలి కాళ్ల మీద పడింది.

"అమ్మోరు తల్లీ! నా కళ్లకి చూపెప్పుడొస్తాది?"

"అమ్మోరు కాదు మామ్మా, సున్నం! ఆస్పత్రికెళ్లి శుక్లాలు తీయించుకుంటే వస్తాది."

"ఇన్నావేట్రా? అమ్మోరు ఆస్పత్రికెల్లమంది!"

ఓడల డాక్‌లో క్రేన్ నడిపే కొడుకు లెంపలేసుకున్నాడు. తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఏడాదిగా దొరకని సెలవు మర్నాడే దొరికింది. ఆపరేషనూ అయిపోయింది.

సైన్సు ఇంత ఘోరంగా ఓడిపోయినందుకు రమాకుమారికి ఏడుపొచ్చింది.

"అది ఉత్త పసుపూ సున్నమే మామ్మా. ఎంత చెప్పినా నమ్మవేటి?"

కాసులమ్మ కంటికట్టు సర్దుకుని గొంతు తగ్గించింది.

"నువ్వు పుట్టినకాడ్నించి నీకు దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎవులు కలిపినారనుకున్నావు? నానే. మీ నాన్నకి వంటిల్లు ఏ పక్కనుందో తెల్దు. ఆడు సెలవెట్టాలంటే అమ్మోరే దిగిరావాల."